విప్పని కట్టలు

"తలుపు తియ్యమ్మా. హోటలు వాళ్ళ బట్టంతా లోపలే ఉంది."

"తెలుసు. దాని మీదే కూర్చున్నాను."

కొడుకు తలుపుకి నుదురు ఆనించి నిలబడ్డాడు. పొద్దున్నుంచీ బతిమాలీ బతిమాలీ గొంతు బొంగురుపోయింది. కటింగు గది గడియ దానంతటది పడలేదు, ఆవిడ కావాలనే వేసుకుంది. వేసుకున్నది డెబ్బై దాటిన మనిషి, ఈ షాపు పెట్టిన మనిషి, ఊళ్ళో అందరూ కత్తెరమ్మ అని పిలిచే మనిషి. సొంత పేరుతో పిలిచేవాళ్ళంతా ఎప్పుడో పోయారు.

ముందు గదిలో మిషన్లు ఆగిపోయాయి. కుట్టేవాళ్ళు తలలు వంచుకుని, కుట్టని బట్టల్నే అటూ ఇటూ సవరిస్తూ కూర్చున్నారు. చేతులకి పని లేకపోయినా చెవులకి బోలెడంత ఉంది.

"ఈ వారంలో కోట్లు ఇస్తామని మాటిచ్చామమ్మా. ఆ రంగు బట్ట మళ్ళీ దొరకదు. ఇవాళ కట్ చెయ్యకపోతే పరువు పోతుంది."

"చేసుకో. నన్నడగడం దేనికి? ఏడాదిగా అడక్కుండానే చేస్తున్నావుగా."

అతను తలుపు మీంచి నుదురు తీసేశాడు. 

నిన్న సాయంత్రం పాత తపాలా ఆయన వచ్చాడు. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ సంచీ మోసీ మోసీ ఆయన కుడి భుజం దిగిపోయింది. టేపుకి లొంగని భుజం అది. చేత్తో తడిమి చూసి కట్ చెయ్యాలి, అందుకే ఆయన కోట్లు ఎప్పుడూ కత్తెరమ్మ బల్ల మీదికే వస్తాయి. కొత్త కోటు తొడుక్కుని వచ్చి, "ఈసారి మెడ దగ్గర లాగుతోందమ్మా, కాస్త చూడండి" అన్నాడు పాపం. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని భుజం మీద చెయ్యి వేసింది. రెండు వైపులా సమానంగా కట్ చేసి ఉంది.

"ఇది నా కటింగు కాదు" అంది.

తర్వాత కొడుకు మొహం చూసింది. అడగాల్సిన ప్రశ్నలన్నీ అక్కడే, మిషన్ల మీద ఉన్నవాళ్ళందరి ముందే అడిగేసింది. అతను ఒకటి రెండు అబద్ధాలు ఆడబోయి, మూడో ప్రశ్నకి కూలబడి నిజం చెప్పేశాడు.

ఏడాదిగా ఆవిడ కట్ చేసిన బట్ట ఒక్కటి కూడా ఎవరి ఒంటి మీదికీ పోలేదు. డ్యామేజీ తానులు తెచ్చి ఆవిడ బల్ల మీద పరిచారు. ఫలానా వాళ్ళ కోటని, ఫలానా వాళ్ళ సూటని కొలతలు చెప్పారు. ఆవిడ కట్ చేసి, ముక్కలన్నీ కలిపి కట్ట కట్టి బుట్టలో వేస్తే, కోడలు మిషన్ల దగ్గరికి తీసుకుపోతున్నట్టే తీసుకుపోయి, వెనక మెట్లెక్కి అటక మీదికి చేర్చింది. అసలు బట్టని, ఆవిడ మధ్యాహ్నం నడుం వాల్చే వేళలో కొడుకు కట్ చేశాడు. సాయంత్రం ఆవిడ "ఎలా కూర్చుందిరా?" అంటే "అద్దినట్టు కూర్చుందమ్మా" అన్నాడు. రోజూ అన్నాడు. నోరు నొప్పి కూడా పుట్టలేదు.

"ఈ మధ్య మిల్లుల వాళ్ళు ఇంత నాసిబట్ట ఇస్తున్నారేమిటి?" అని ఆవిడ విసుక్కుంటే, కాలం అలా ఉందమ్మా అని ఆ తప్పుని కాలం మీదికి తోసేశాడు. ప్రేమగానే చేశాడు. ప్రేమ పేరు చెప్పి ఎంత పనైనా చేసెయ్యొచ్చని ఈ ఇంట్లో అందరికీ నమ్మకం.

బస్సు దిగి కూతురు లోపలికి వచ్చింది. చిన్నపిల్లల బళ్ళో టీచరు. చెప్పులు విడవకుండానే అన్నగారి మీద పడింది.

"నువ్వు చెప్పాల్సిన తీరులో చెప్పి ఉండవు అన్నయ్యా. మెల్లిగా చెప్పాల్సింది."

"మెల్లిగానా? తపాలా ఆయన మెడ పట్టుకుని నిలబడితే మెల్లిగా ఎలా చెప్తారు? సలహా నీది, తిట్లు నాకు."

"నా సలహానా? ఆ వెల్వెట్ కోటు రోజున ఫోన్ చేసి ఏడ్చిందెవరు? నేను మా బడికొచ్చే కౌన్సెలర్‌ని కనుక్కుని మరీ చెప్పాను. ఈ వయసులో తప్పులు ఎత్తి చూపిస్తే మనిషి కుంగిపోతుందన్నాడు. చేతికి పని ఉండాలన్నాడు. నాకు తెలిసింది నేను చెప్పాను."

గడియ తీసిన చప్పుడైంది.

కత్తెరమ్మ గుమ్మంలో నిలబడింది. మెడలో టేపు, చేతిలో కత్తెర. రాత్రి కట్టుకున్న చీరే, నలిగిపోయి ఉంది. కళ్ళు మాత్రం నలగలేదు.

"ఏ వెల్వెట్ కోటు?"

అన్నా చెల్లెళ్ళిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నిన్న కొడుకు అన్నీ చెప్పాడు గానీ, మొదటిది చెప్పలేదు.

"ఏ వెల్వెట్ కోటు అని అడిగాను."

కోడలు కాజాలు కుట్టే మూల నుంచి లేచి నిలబడింది. 

"నిరుడు నువ్వు కట్ చేసిన నీలం వెల్వెట్టమ్మా" అన్నాడు కొడుకు, నేల చూస్తూ. "ఒక ముందు భాగం తలకిందులుగా పరిచావు. ఒక వైపు కిందికి నిమిరితే నున్నగా ఉంది, రెండో వైపు పైకి నిమిరితే నున్నగా ఉంది. దీపం కింద రెండు రంగుల్లా కనబడింది. కోటు కుట్టమన్న ఆయన తీసుకోనన్నాడు. నేను కొత్త బట్ట తెచ్చి మళ్ళీ కట్ చేశాను."

"ఆయన ఎంతో మెచ్చుకున్నాడని చెప్పావు."

"చెప్పాను."

"బుట్టెడు పళ్ళు కూడా పంపించాడన్నావు."

"నేనే కొన్నాను."

"తిన్నాను కూడా" అంది కత్తెరమ్మ.

ముందు గదిలో ఎవరికో నవ్వొచ్చి, దాన్ని దగ్గుగా మార్చుకున్నారు. ఆవిడ వినిపించుకుంది. ఆ దగ్గు వచ్చిన వైపు ఒక్కసారి చూసి, చూపు తిప్పేసుకుంది. వాళ్ళకీ అంతా తెలుసు. ఏడాదిగా ఆవిడ బుట్టలో కట్ట వేసి, "జాగ్రత్తగా కుట్టండర్రా" అని చెప్పిన ప్రతిసారీ వాళ్ళు "అలాగేనమ్మా" అని తలూపారు. షాపు షాపంతా ఆవిడ చెవిలో పువ్వు పెట్టి, అది ఎంత బాగుందో చెప్పింది.

"అమ్మా, ముందు కూర్చో" అంది కూతురు, గొంతు తేనెలో ముంచి. "మంచినీళ్ళు తాగు. నీ మనసు కష్టపడకూడదనే ఇదంతా. నిన్ను తక్కువ చెయ్యాలని కాదు."

"ఆ గొంతు నా దగ్గర తియ్యకు."

"ఏ గొంతమ్మా?"

"నీ బళ్ళో పిల్లల దగ్గర తీసే గొంతు. వాళ్ళు పిల్లిని గీస్తే గుమ్మడికాయలా ఉన్నా, ఎంత బాగుందో అని స్టార్ చుక్క పెడతావు. పెట్టు. వాళ్ళకి నాలుగేళ్ళు, రేపు నేర్చుకుంటారు. నాకు పెట్టిన చుక్కలు నేనేం చేసుకోను?"

"పెద్దవాళ్ళని సంతోషంగా ఉంచాలని..."

"నేను సంతోషంగా ఉంటానని మీతో ఎప్పుడన్నాను? మీ నాన్న పోయిననాడు కూడా నేను బల్ల దగ్గరే ఉన్నాను. నాకు సంతోషం కాదు కావలసింది. నేను కట్ చేసింది ఎవరైనా తొడుక్కోవడం కావాలి."

కూతురి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆవిడ జాలిపడలేదు. నిన్నటి నుంచీ ఆవిడకి జాలంటేనే ఒళ్ళు మంట.

"తీసుకురండి" అంది.

"ఏమిటమ్మా?"

"నా కట్టలు. అటక మీద దాచారుగా. అన్నీ దించండి."

"ఇప్పుడవన్నీ దేనికి? దుమ్ము..."

"హోటలు బట్ట కావాలా, వద్దా?"

కొడుకు పళ్ళు నూరుకుంటూ వెనక మెట్ల వైపు నడిచాడు. ఎక్కడున్నాయో అతనికి సరిగ్గా తెలియదు. కోడలే ముందు వెళ్ళి చూపించింది. ఇద్దరూ గోనెసంచులు ఒక్కొక్కటే దించి, కటింగు గదిలో గోడ వెంట పెట్టారు. చివరికి గదిలో నిలబడడానికి చోటు చాలక కూతురు కిటికీకి ఆనుకుంది.

కత్తెరమ్మ మొదటి సంచి బల్ల మీద బోర్లించింది.

కట్టలన్నీ ఆవిడ కట్టినవే. బట్ట అంచు నుంచి చించిన పీలికతో కట్టి, లోపలి నుంచి మడిచి వేసే ముడి ఒకటుంది. షాపులో ఇంకెవరికీ రాదు, వస్తే విప్పడమే వస్తుంది. ఆవిడ ఒక కట్ట తీసి ముడి చూసింది. ఇంకోటి తీసి చూసింది. సంచి మొత్తం వేళ్ళతో కెలికింది.

"వీటిని ఎవరైనా విప్పి చూశారా?"

కోడలు కొంగుకి అంటిన దుమ్ము దులుపుకుంది.

"ఒక్క కట్టయినా? ఒక్కసారైనా? ముసలిది అసలెలా కట్ చేస్తోందో చూద్దామని ఒక్కరికైనా అనిపించిందా?"

"చూసి ఏం చేస్తామమ్మా" అన్నాడు కొడుకు. అనకుండా ఉండాల్సిన మాట. నోరు జారాక తెలిసింది.

ఆవిడ కట్ట బల్ల మీద పెట్టింది. ముడి విప్పి, కోటు ముక్కలు వరసగా పరిచింది. ముందు భాగాలు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టింది. అంచుకి అంచు కలిసింది. కోటు చేతులు పరిచింది. కలిశాయి. చంక వంపు మీద వేలితో రాసి చూసుకుంది. రెండో కట్ట విప్పింది, మూడోది విప్పింది. మచ్చలున్న బట్ట, దారాలు లేచిన బట్ట, రంగు దిగిన బట్ట. కటింగులో మాత్రం వేలు పెట్టడానికి లేదు.

"చూడు" అంది కొడుకుతో. "రా, వచ్చి చూడు. నువ్వు చేసే దానికన్నా బాగున్నాయా, లేదా?"

అతను చూశాడు. 

"బాగున్నాయి."

"ఒక్క వెల్వెట్టు చూసి నన్ను అటకెక్కించావు. నీ చేతిలో ఎన్ని పాడయ్యాయి? నిన్నెవరు అటకెక్కించారు? నీకు వయసు తక్కువ కాబట్టి నీది పొరపాటు. నాది జబ్బు."

కిటికీ దగ్గర కూతురు ముక్కు చీదుకుంది. కొడుకు గోడకి చేరగిలబడ్డాడు. ఆ క్షణాన కత్తెరమ్మ గెలిచినట్టే. ఆవిడ కూడా అలాగే అనుకుంది, అందుకే చివరి సంచి దగ్గరికి ఉత్సాహంగా వెళ్ళింది. అందులోవి ఈమధ్య కట్టిన కట్టలు.

ఒక కట్ట విప్పింది. ముందు భాగాలు ఒకదాని మీద ఒకటి పరిచింది. అంచులు కలవలేదు. చదును చేసి మళ్ళీ పరిచింది. వేలెడు తేడా. కళ్ళజోడు తీసి, కొంగుతో తుడిచి, పెట్టుకుని చూసింది. తేడా తగ్గలేదు.

ఇంకో కట్ట. చెయ్యి ఒకటి పొడుగు. ఇంకోటి. ఇది బాగానే ఉంది. దాని తర్వాతది బాగాలేదు.

 ఆవిడ చెప్పక్కర్లేదు, గదిలో ఉన్నవాళ్ళకి కనబడుతూనే ఉంది. అందరూ ఆ పని తెలిసినవాళ్ళే, కూతురు తప్ప. ఆ తెలియని కూతురే మాట్లాడింది.

"చూశావా అమ్మా? అందుకే మేము..."

"నోర్ముయ్."

కత్తెరమ్మ బల్ల అంచు పట్టుకుంది. చెయ్యి వణుకుతోంది. అది వయసు వణుకో, కోపమో ఆవిడకే తెలియలేదు, తెలియకపోవడం ఆవిడ కోపాన్ని రెట్టింపు చేసింది.

"ఇది ఎప్పుడు మొదలైంది?" అంది. "ఎవరైనా చెప్పగలరా? కళ్ళా, చేతులా? పొద్దుట బాగుండి మధ్యాహ్నం తప్పుతోందా? నల్లబట్ట మీదేనా, అన్నిటి మీదానా? చెప్పండి."

ఎవరు చెప్పగలరు. ఎవరూ విప్పలేదుగా.

"నాకు వయసు రాదని నేనెప్పుడైనా అన్నానా? వస్తుంది. వచ్చింది. సూదిలో దారం ఎక్కడం మానేసిన రోజున కుట్టు వదిలేసి కటింగు ఒక్కటే పెట్టుకున్నాను, గుర్తుందా? ఎవరైనా చెప్పారా నాకు? సూదే చెప్పింది. అలాగే ఇదీ తెలిసేది. ఇంకో దీపం పెట్టించుకునేదాన్ని. పొద్దుటిపూటే కట్ చేసేదాన్ని. నల్లబట్ట నీకు వదిలేసేదాన్ని. సుద్ద గీత లావుగా గీసుకునేదాన్ని. ఏదో ఒకటి చేసుకునేదాన్ని. తప్పు చేస్తే తప్పని తెలియాలి కదరా. రోజూ అద్దినట్టుంది, అద్దినట్టుంది అంటే మనిషికి తనెక్కడుందో ఎలా తెలుస్తుంది? మీరు నా పని లాక్కోలేదు. నా వయసు లాక్కుని అటక మీద దాచారు."

"ఒక్కరైనా చెప్పాల్సింది" అంది మళ్ళీ.  "ఇంతమంది ఉన్నారు. ఒక్కరు."

"చెప్తే వినేవారా?"

అందరూ తిరిగి చూశారు. కోడలు. పెళ్ళయి వచ్చిన కొన్నాళ్ళ నుంచీ అత్తగారి ఎదుట అవును, కాదు, అలాగే అన్న మూడు మాటలతో సరిపెట్టిన మనిషి.

"నువ్వూరుకో" అన్నాడు భర్త.

"ఊరుకునే ఏడాదైంది. ఇంకా ఎన్నాళ్ళు?" భర్త వైపు చూడలేదామె. "నేను కొత్తగా వచ్చినప్పుడు, ఈ కోటు చెయ్యి పొట్టిగా ఉందేమో అత్తయ్యా అన్నాను. గుర్తుందా మీకు? నెల్లాళ్ళు నాతో మాట్లాడలేదు. అన్నం నేను వడ్డిస్తే లేచి వెళ్ళిపోయేవారు. ఆ చెయ్యి పొట్టిగానే ఉంది."

కత్తెరమ్మ మొహం బిగుసుకుంది.

"పాత మేస్త్రి కాలరు గురించి ఒక్క మాట అంటే ఆ పూటే పంపించేశారు. మీ అబ్బాయిని చిన్నప్పుడు ఇదే బల్ల దగ్గర టేపుతో కొట్టారు, మీ గీత వంకరగా ఉందన్నందుకు. ఆయనకి అబద్ధాలు చెప్పడం ఎవరు నేర్పారనుకుంటున్నారు? ఈ ఇంట్లో మీకు తప్పు చెప్పే ధైర్యం ఎవరికి మిగిల్చారు? ఇవాళ వచ్చి ఒక్కరైనా చెప్పాల్సిందంటున్నారు."

"అమ్మాయ్" అంది కత్తెరమ్మ, హెచ్చరికగా.

"కట్టలు మోసింది నేను. మెట్లెక్కిన ప్రతిసారీ నాకు సిగ్గేసేది. కోపమూ వచ్చేది. వీళ్ళ మీద కాదు, మీ మీద. నేను ఎవరికీ భయపడి పెరగలేదు. ఇక్కడికొచ్చి నేర్చుకున్నాను."

చెప్పేసి ఆమె అక్కడే నిలబడింది. ఏడవలేదు. కూతురు ఏదో సర్దిచెప్పబోయి, ఎవరి వైపు సర్దాలో తెలియక ఊరుకుంది.

కత్తెరమ్మ బల్ల వైపు తిరిగింది. బల్ల మీద ముక్కలన్నిటినీ ఒక్క తోపుతో కిందికి నెట్టేసింది. దుమ్ము లేచింది. వెనక్కి తిరిగి, రాత్రంతా తను కూర్చున్న హోటలు వాళ్ళ బట్ట తాను ఎత్తి బల్ల మీద వేసి, ఒక్క విసురున దొర్లించింది. బూడిదరంగు బట్ట బల్ల చివరిదాకా పరుచుకుంది.

"అమ్మా, వద్దు." కొడుకు ముందుకొచ్చాడు. "అది పాడైతే మళ్ళీ తేలేం. ఆ బట్ట మీద కాదు, ఇంకేదైనా..."

"ఇంకేదైనా అంటే? డ్యామేజీదా?"

అతను ఆగిపోయాడు.

"కొలతలు చెప్పు."

చెప్పాడు. ఆవిడ టేపు వేసింది, సుద్ద తీసింది. మెల్లిగా గీసింది. ఒకప్పుడు ఆ గీతలు గీస్తుంటే కుర్రవాళ్ళు పని మానేసి చూసేవాళ్ళు. ఇప్పుడు ఒక్కో గీత దగ్గర ఆగి, వంగి, కిటికీ వెలుగులో చూసుకుని, మళ్ళీ గీస్తోంది. భుజం, మెడ, చంక, పక్క కుట్టు. గీయడం అయిపోయాక వెనక్కి జరిగి చూసుకోలేదు. కత్తెర తీసి బట్ట అంచున పెట్టింది. కింది అలుగు బట్ట కిందికి దూరింది.

"ఇప్పుడు చెప్పండి" అంది. "చెయ్యనా?"

కొడుకు గడియారం చూశాడు. చెల్లెల్ని చూశాడు. పడిపోయిన ముక్కల్ని చూశాడు. బల్ల వైపు మాత్రం చూడలేదు.

"బాగుందమ్మా" అన్నాడు.

ఆ మాట ఏడాదిగా అలవాటైన దారిలో నోట్లోంచి దానంతట అదే బయటికి వచ్చింది. ఇప్పుడు కూడా ఆవిడని ఓదార్చడమే సులువనిపించిందో, గొడవ అయిపోతే చాలనుకున్నాడో. బట్ట పోతే పోయిందనుకున్నాడేమో కూడా. కత్తెరమ్మ వేళ్ళు కత్తెర మీద బిగిశాయి.

"తప్పు, అత్తయ్యా" అంది కోడలు.

"నీకేం తెలుసని?" అని భర్త కసిరాడు. "అమ్మ చెయ్యనీ. ఎందుకు రెచ్చగొడతావు?"

"కట్ చెయ్యొద్దు. తప్పుంది."

కత్తెరమ్మ కొడుకు వైపు తలైనా తిప్పలేదు. కోడల్నే చూస్తోంది, పాత మేస్త్రిని పంపించేసిన నాటి చూపుతో.  కోపం దిగలేదు, దించుకోవాలని ఆవిడ ప్రయత్నించనూ లేదు. కత్తెర నోరు తెరుచుకునే ఉంది, బట్ట దాని మధ్యలో ఉంది.

"ఎక్కడ?" అంది.